సైలెన్సర్ పైపు లోపలి కథ: చోపావ్ నుంచి మన ఆర్‌ఎక్స్ 100 దాకా

 

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. బండి సైలెన్సర్ గొట్టం చరిత్ర గురించి రాస్తున్నా. గొట్టానికి చరిత్ర ఏందిరా అని నవ్వకండి. దీంట్లో యుద్ధం ఉంది, బెర్లిన్ గోడ ఉంది, దొంగతనం ఉంది. మా బావ కూడా ఉన్నాడు.

మా బావ నుంచే మొదలుపెడతా. ఆయనకు ఒక 100 సీసీ బండి ఉంది. పోయినేడు పత్తి పైసలు చేతికి రాగానే టౌనుకు పోయి కంపెనీ సైలెన్సర్ పీకేయించి, మెరిసే లావు పైపు ఒకటి పెట్టించుకొని వచ్చిండు. ఊరి మలుపు దగ్గర ఉండగానే పిల్లలంతా ఉరికి వచ్చిన్రు. "ఇప్పుడు బండి పులి లెక్క ఉంటది" అన్నాడు. నేను కూడా సంబరపడ్డా, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తర్వాత వానాకాలంలో మా అత్తకు జ్వరం వచ్చింది. మూడో రోజు లేవలేకపోయింది. ఆ టైంలో మా దగ్గరికి అంబులెన్సు రాదు, వాగు ఉంటది. మా ఊళ్లలో బైకే అంబులెన్సు అని మీ అందరికీ తెలుసు. బావ నడుపుతుంటే అత్తను మధ్యలో కూర్చోబెట్టి వెనక నేను పట్టుకున్నా. గుట్ట ఎక్కుడు మొదలుకాంగనే బండి గుంజుడు ఆపింది. సెకండ్ గేరులో వెనక్కి పోతున్నట్టుంది, ఫస్ట్‌లో వేస్తే టపటప అని పేలుతుంది గానీ కదలదు. నేను దిగిన. అయినా ఎక్కలేదు. అత్త దిగింది. జ్వరం మీద ఆ గుట్ట సగం దాకా నా భుజం పట్టుకొని నడిచింది. అప్పుడు పక్క ఊరి కాక ఒకాయన పాత ఆర్‌ఎక్స్ 100 మీద వెనక నుంచి వచ్చి, ఏం అడగకుండా అత్తను ఎక్కించుకొని గుట్ట దాటించిండు. ఆ బండి నాకంటే వయసులో పెద్దది. దాని సైలెన్సర్ తుప్పు పట్టి ఉంది, కానీ కంపెనీదే.

అత్తకు వారంలో తగ్గింది. ముగ్గురం ఎక్కుడు తప్పే, ఒప్పుకుంటా. కానీ అదే గుట్టను అదే ముగ్గురితో పైపు మార్చకముందు ఆ బండి ఎన్నోసార్లు ఎక్కింది. మరి ఒక గొట్టం మార్చినందుకు బండి ఎందుకు చచ్చిపోయింది? హాస్టల్‌కు తిరిగొచ్చాక ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. చదువుకుంటూ పోతే జర్మనీ దాకా పోయింది.

మొదట్లో ఈ గొట్టానికి ఉన్న పని ఒక్కటే, చప్పుడు తగ్గించడం. ఇంగ్లాండ్‌లో వేబ్రిడ్జ్ అనే ఊరి దగ్గర 1907లో బ్రూక్లాండ్స్ అనే రేసు ట్రాక్ కట్టారు. మోటారు రేసుల కోసమే ప్రత్యేకంగా కట్టిన మొదటి ట్రాక్ అది. పక్కనే డబ్బున్నోళ్ల ఇండ్లు. చప్పుడు భరించలేక వాళ్లు కోర్టుకు పోయారు. దాంతో 1920లలో ప్రతి రేసు బండికీ సైలెన్సర్ డబ్బా తప్పనిసరి చేశారు. దానికి 'బ్రూక్లాండ్స్ క్యాన్' అని పేరు. అంటే సైలెన్సర్ మీద పోలీసులకూ కుర్రోళ్లకూ నడిచే గొడవ మనతో మొదలుకాలేదు, దానికి వందేళ్లు.

అదే కాలంలో రేసు మెకానిక్‌లు ఒక వింత గమనించారు. గొట్టం పొడవు మార్చితే, చివర విచ్చుకున్నట్టు చేస్తే బండి పవర్ మారుతుంది. 1930లలో నార్టన్ రేసు బండ్లకు బూర లాంటి గొట్టాలు వచ్చాయి, వాటిని మెగాఫోన్ అన్నారు. పని చేస్తుందని తెలుసు, పెట్టేవారు. కొంచెం కోసి చూడటం, నడిపి చూడటం, మళ్లీ కోయడం. ఎందుకు పనిచేస్తుందో పూర్తిగా పట్టుకొని, లెక్క కట్టి, ప్రపంచాన్ని తలకిందులు చేసినోడు ఇంగ్లాండ్‌లో లేడు. తూర్పు జర్మనీలో ఉన్నాడు.

చోపావ్. జర్మనీలో సాక్సనీ ప్రాంతంలో కొండల మధ్య చిన్న ఊరు. అక్కడ డీకేడబ్ల్యూ అనే కంపెనీ ఉండేది. పెట్టింది రాస్ముసెన్ అనే డెన్మార్క్ మనిషి. 1920ల చివరికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మోటార్‌సైకిళ్లు చేసే కంపెనీ అదే. అన్నీ టూ-స్ట్రోక్‌లు. యుద్ధానికి ముందు ఆర్‌టీ 125 అనే చిన్న బండి డిజైన్ చేశారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయింది. చోపావ్ రష్యా ఆక్రమించిన వైపు పడింది. నష్టపరిహారం కింద ఫ్యాక్టరీ యంత్రాలను విప్పి రష్యాకు తరలించారు. ఆర్‌టీ 125 డిజైన్‌ను గెలిచిన దేశాలన్నీ పంచుకున్నాయి. ఇంగ్లాండ్‌లో బీఎస్‌ఏ బాంటమ్, అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ 125, రష్యాలో మాస్క్వా, అన్నీ దాని నకళ్లే. చోపావ్‌లో మిగిలినోళ్లు ఖాళీ షెడ్లలో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఫ్యాక్టరీకే తర్వాత ఎంజెడ్ అని పేరు వచ్చింది.

1953లో ఆ ఫ్యాక్టరీ రేసింగ్ విభాగానికి వాల్టర్ కాడెన్ వచ్చాడు. 1919లో అదే ప్రాంతంలో పుట్టాడు. వాళ్ల నాన్న డీకేడబ్ల్యూ కంపెనీలో ఒక ఆఫీసరుకు కారు డ్రైవర్. యుద్ధకాలంలో కాడెన్ హెన్షెల్ విమాన కంపెనీలో, హిట్లర్ సైన్యానికి వెళ్లే గ్లైడ్ బాంబుల పనిలో ఉన్నాడు. దాన్ని దాచి ఆయన్ను దేవుణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు. యుద్ధం అయ్యాక కొన్నాళ్లు కట్టె పని, ఇండ్ల పైకప్పుల దూలాల పని చేశాడు. పక్కన సొంతంగా ఒక రేసు బండి కట్టుకున్నాడు. అది చూసే పిలిచారు. పైసలు లేవు, మంచి లోహం దొరకదు, విదేశీ సామాను రాదు. చిన్న జట్టు. ఎదురుగా ఇటలీ కంపెనీలు, తర్వాత హోండా.

ఇప్పుడు కాడెన్ ఏం చేశాడో అర్థం కావాలంటే టూ-స్ట్రోక్ ఇంజిన్‌కు ఉన్న జబ్బు ఏందో తెలియాలి. ఇది కొంచెం నిదానంగా చదవండి.

టూ-స్ట్రోక్‌లో పిస్టన్ కిందికి దిగుతూ ముందు పొగ పోయే రంధ్రాన్ని తెరుస్తుంది. కాలిన పొగ తన్నుకుంటూ బయటికి పోతుంది. ఇంకాస్త దిగాక కొత్త పెట్రోలు గాలి వచ్చే రంధ్రాలు కూడా తెరుచుకుంటాయి. ఒకే గదికి రెండు తలుపులు ఒకేసారి తెరిచి ఉన్నట్టు. కొత్త గాలి లోపలికి వచ్చి పాత పొగను తోస్తుంది, కానీ అదే ఊపులో తాను కూడా కొంత బయటికి పోతుంది. మళ్లీ పిస్టన్ పైకి వచ్చేటప్పుడు లోపలికి వచ్చే తలుపు ముందు మూసుకుంటుంది, బయటికి పోయే తలుపు తర్వాత మూసుకుంటుంది. ఆ మధ్య సందులో ఇంకొంత కొత్త పెట్రోలు పోతుంది. కాలకుండానే వృథా. అందుకే టూ-స్ట్రోక్ అంటే చవక బండి, పొగ బండి, తాగుబోతు బండి అని పెద్ద ఇంజినీర్లు తీసిపారేసేవారు.

కాడెన్ ఏమన్నాడంటే, ఆ బయటి తలుపుకు వాల్వు పెట్టే పని లేదు, శబ్దమే వాల్వు.

మన నాగోబా జాతర ఊహించుకోండి. ఇరుకు దారిలో జనం కిక్కిరిసి వస్తున్నారు. దారి అయిపోయి మైదానం రాగానే ముందున్నోళ్లు ఒక్కసారి విడిపోతారు. అప్పుడు వెనక ఉన్నోళ్లకు ముందుకు లాగినట్టు అనిపిస్తుంది. ఆ లాగుడు వెనక్కి వెనక్కి, మొదటి మనిషి దాకా పాకుతుంది. ఇంకో చోట ముందు గేటు సన్నగా ఉందనుకోండి. ముందోళ్లు ఆగుతారు, తోపులాట వెనక్కి వస్తుంది. జనం ముందుకే పోతున్నారు, కానీ ఆ లాగుడు, ఆ తోపుడు వెనక్కి ప్రయాణం చేశాయి. గొట్టంలో కూడా అంతే. పొగ తన్నిన దెబ్బ ఒక అలలా గొట్టంలో పరిగెత్తుతుంది. గొట్టం వెడల్పయ్యే చోట లాగే అల వెనక్కి తిరుగుతుంది. గొట్టం సన్నబడే చోట తోసే అల వెనక్కి తిరుగుతుంది.

అందుకే ఆ గొట్టం ఆకారం అలా ఉంటుంది. ఇంజిన్ దగ్గర సన్నం, తర్వాత బూరలా విచ్చుకుంటుంది, మధ్యలో పొట్ట, మళ్లీ కోన్‌లా ముడుచుకుంటుంది, చివర సన్నటి తోక. కొండచిలువ మేకను మింగినట్టు. విచ్చుకున్న కోన్ నుంచి వచ్చే లాగుడు సిలిండర్‌లోని పొగను ఊడ్చేస్తుంది, కొత్త పెట్రోలు గాలిని కూడా లోపలికి గుంజుతుంది. కొంచెం గొట్టంలోకి కూడా వచ్చేస్తుంది, రానీ. సరిగ్గా ఆ క్షణంలో ముడుచుకున్న కోన్ నుంచి తోపుడు వచ్చి, బయటికొచ్చిన ఆ పెట్రోలును మళ్లీ సిలిండర్‌లోకి కుక్కుతుంది. వెంటనే పిస్టన్ తలుపు మూసేస్తుంది. దీని పేరు ఎక్స్‌పాన్షన్ చాంబర్. దీంట్లో కదిలే భాగం ఒక్కటి కూడా లేదు, ఉత్త రేకు. ఈ ఆలోచన మొత్తం కాడెన్ ఒక్కడిదే కాదు, ఆయనకంటే ముందు ఎరిక్ వోల్ఫ్ అనే ఇంజినీరు ఇట్లాంటి గొట్టాలు పెట్టి చూశాడు. కానీ ఆసిలోస్కోప్ అనే తెర మీద గొట్టంలోని అలలను చూస్తూ, ఏ కోన్ ఎంత పొడుగుండాలో ఏళ్ల తరబడి పట్టుబట్టి తేల్చింది కాడెన్.

ఎంపీసీ వాళ్లకు చిన్న లెక్క. నిమిషానికి 7,500 చుట్లు తిరిగే ఇంజిన్ తీసుకోండి. అంటే సెకనుకు 125 చుట్లు. ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్లు. పొగ రంధ్రం దాదాపు సగం చుట్టు తెరిచి ఉంటుంది అనుకుంటే 4 మిల్లీసెకన్లు. మామూలు గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, వేడి పొగలో ఇంకా వేగం, సుమారు 500 అనుకుందాం. 4 మిల్లీసెకన్లలో 2 మీటర్లు. అల పోయి తిరిగి రావాలి కాబట్టి అందులో సగం, అంటే దాదాపు ఒక మీటరు దూరంలో ఆ ముడుచుకునే కోన్ ఉండాలి. టూ-స్ట్రోక్ బండి పక్కన నిలబడి జానలతో కొలిచి చూడండి, ఎంత దగ్గరగా వస్తుందో. ఇంటర్‌లో తరంగాల పాఠం బట్టీ పట్టినప్పుడు ఇది మన బండి కింద ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఇంకో విషయం కూడా ఈ లెక్కలోనే ఉంది. ఇంజిన్ సగం స్పీడులో తిరిగితే తలుపు 8 మిల్లీసెకన్లు తెరిచి ఉంటుంది, అల మాత్రం 4కే వచ్చేస్తుంది. టైం తప్పింది. తోయాల్సిన అల ముందే వచ్చి పోయింది. అందుకే టూ-స్ట్రోక్ బండి ఒక స్పీడు దాకా సల్లగా ఉండి, అది దాటగానే ఒక్కసారి ఎగురుతుంది. గొట్టం ఏ స్పీడుకు కోశారో ఆ స్పీడులోనే దాని మాట వింటుంది.

1958లో స్వీడన్ గ్రాండ్ ప్రీలో హోర్స్ట్ ఫ్యూగ్నర్ అనే రైడర్ ఎంజెడ్ బండి మీద 250 సీసీ రేసు గెలిచాడు. ఎంజెడ్‌కు అదే మొదటి గ్రాండ్ ప్రీ గెలుపు. 1961 నాటికి కాడెన్ 125 సీసీ ఇంజిన్ నుంచి 25 హార్స్‌పవర్ తీశాడు. లీటరుకు 200 హార్స్‌పవర్ లెక్క. గాలిని పంపుతో కుక్కకుండా అంత పవర్ అప్పటిదాకా ఏ ఇంజిన్ ఇవ్వలేదు. పోల్చుకోవాలంటే, ఇప్పుడు మన ఊళ్లలో తిరిగే 100 సీసీ బండ్లు 8 హార్స్‌పవర్ దగ్గర ఉంటాయి.

ఇక దొంగతనం దగ్గరికి వద్దాం. ఎంజెడ్ ముఖ్య రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్. ఉత్త రైడర్ కాదు, ఇంజిన్ పని కూడా తెలిసినవాడు, కాడెన్ పక్కనే ఉండి అన్నీ నేర్చుకున్నాడు. 1961 సీజన్‌లో 125 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యేలా ఉన్నాడు. అదే సమయంలో జపాన్‌లోని సుజుకి కంపెనీ కూడా టూ-స్ట్రోక్‌లతో రేసులకు వచ్చి దారుణంగా ఓడిపోతోంది. వాళ్ల దగ్గర పైసలు ఉన్నాయి, మంచి లోహం ఉంది, కాడెన్ దగ్గరున్న తెలివి లేదు. డెగ్నర్‌తో లోపాయికారీ ఒప్పందం కుదిరింది.

ఆగస్టు 13న బెర్లిన్ గోడ లేవడం మొదలైంది. దారులన్నీ మూసుకున్నాయి. నెల తర్వాత సెప్టెంబరులో స్వీడన్‌లోని క్రిస్టియన్‌స్టాడ్‌లో రేసు. అదే సమయంలో డెగ్నర్ భార్యను, పిల్లలను కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. రేసులో డెగ్నర్ ఇంజిన్ మొదట్లోనే పాడైంది. గెలిస్తే టైటిల్ ఖాయం అయ్యే రేసు అది. ఆ తర్వాత ఆయన జట్టుతో తూర్పు జర్మనీకి తిరిగి పోలేదు. కావాలనే ఇంజిన్ పాడుచేశాడని తూర్పు జర్మనీ ఆరోపించింది. టైటిల్ హోండా రైడర్ టామ్ ఫిలిస్‌కు పోయింది. కాడెన్ చేతికి మళ్లీ ప్రపంచ టైటిల్ అంత దగ్గరగా వచ్చి దక్కనేలేదు.

డెగ్నర్ జపాన్‌లో హమమత్సు పోయి సుజుకి వాళ్లకు ఇంజిన్ చేయడం నేర్పించాడు. 1962లో సుజుకి మీద 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. టూ-స్ట్రోక్‌కు దక్కిన మొదటి ప్రపంచ టైటిల్ అది. సుజుకా ట్రాక్‌లో ఇప్పటికీ ఒక మలుపుకు డెగ్నర్ మలుపు అనే పేరు ఉంది. 1963లో అదే ట్రాక్‌లో పడి, పెట్రోలు అంటుకొని ఒళ్లు కాలింది. తర్వాత బతుకు బాగా సాగలేదు, 1983లో చనిపోయాడు.

ఈ కథలో డెగ్నర్ దొంగా? నేను రెండు రోజులు ఆలోచించా. భార్యాపిల్లలతో కోరుకున్న చోట బతకాలనుకోవడం తప్పెట్లా అవుతుంది? కానీ ఆయన సంచిలో పెట్టుకుపోయింది తన ఒక్కడి సొత్తు కాదు. కాడెన్, ఆ షెడ్లో రేకు కోసిన ప్రతి పనివాడు కలిసి ఎనిమిదేళ్లు కష్టపడ్డ ఫలితం. వాళ్లెవరికీ ఒక్క రూపాయి రాలేదు. చదువుతుంటే నాకు కేరళ కాణి తెగ వాళ్లు గుర్తొచ్చారు. అలసట పోగొట్టే ఆరోగ్యపచ్చ మొక్క గురించి వాళ్లు చెబితే శాస్త్రవేత్తలు మందు తయారుచేశారు, కానీ అక్కడ కనీసం రాయల్టీలో వాటా ఇచ్చారు. చోపావ్ వాళ్లకు అదీ లేదు. నా మాట ఇదే: డెగ్నర్ పారిపోవడం తప్పు కాదు, సుజుకి చేసింది మాత్రం కొనుగోలు కాదు.

కాడెన్ పారిపోలేదు. ఎంజెడ్‌లోనే ఉండిపోయాడు. జపాన్ కంపెనీలు ఆయన గొట్టాన్ని పట్టుకొని ముందుకు పోయాయి. 1975లో యమహా మీద అగోస్తిని 500 సీసీ టైటిల్ గెలిచాడు, అప్పటి నుంచి 2001 దాకా ఆ పెద్ద క్లాసులో చాంపియన్ అయిన ప్రతి బండీ టూ-స్ట్రోకే. ప్రతి బండి కింద కాడెన్ గొట్టమే.

ఇక యమహా. ఆ కంపెనీ 1955లో చేసిన మొట్టమొదటి మోటార్‌సైకిల్ వైఏ-1. జపాన్‌లో దాన్ని ఎర్ర తూనీగ అని పిలిచేవారు. అది దేని నకలో తెలుసా? చోపావ్ ఆర్‌టీ 125. గుర్తుపెట్టుకోమన్నా కదా. అంటే యమహాకు పుట్టుకా చోపావ్ నుంచే, పవరూ చోపావ్ నుంచే.

ఆ యమహా మన దేశానికి ఎస్కార్ట్స్ కంపెనీతో కలిసి వచ్చింది. 1983లో రాజ్‌దూత్ 350 వచ్చింది, యమహా ఆర్‌డీ 350కి మన పేరు. పవర్ ఎక్కువ, పెట్రోలు ఖర్చు ఇంకా ఎక్కువ, అమ్ముడుపోలేదు. 1985లో ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్. తేలికైన బండి. దాని సైలెన్సర్ చూడటానికి మామూలుగా ఉన్నా గమనించండి, ఇంజిన్ నుంచి సన్నగా మొదలై నెమ్మదిగా విచ్చుకుంటూ పోతుంది. రేసు చాంబర్ అంత కోపంగా కాకుండా, తక్కువ స్పీడులో కూడా లాగేటట్టు మెత్తగా దిద్దిన గొట్టం. మా అత్తను గుట్ట ఎక్కించింది అదే. 1996లో ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది, పొగ నిబంధనలు బిగిశాయి. కాడెన్ చనిపోయింది కూడా ఆ ఏడాదే.

పాత మెకానిక్‌లకు ఈ గొట్టం విలువ తెలుసు. టూ-స్ట్రోక్ సైలెన్సర్‌లో ఆయిల్ మసి పేరుకుంటే బండి గుంజదు, అప్పుడు విప్పి కాల్చి శుభ్రం చేసేవారు. సొంతంగా చాంబర్ కట్టేవాళ్లు కూడా ఉన్నారు. పల్లీల పొట్లం విప్పితే కాగితం విసనకర్ర ముక్కలా ఉంటుంది కదా, అట్లా రేకు మీద గీసుకొని, కోసి, పైపు మీద చుట్టి, గ్యాస్ వెల్డింగ్‌తో అతుకుతారు. ఒక్కో కోన్‌కు కోణం లెక్క ఉంటుంది. అది నిజమైన కస్టమ్ పైపు. ఇంజిన్ స్పీడు చూసి, రంధ్రం ఎంతసేపు తెరుచుకుంటుందో చూసి, ఆ బండికే కొలిచి కట్టేది.

మా బావ పెట్టించుకుంది అది కాదు. అన్ని బండ్లకూ ఒకే సైజు, లోపల ఏమీ లేని గొట్టం. ఆయనది ఫోర్-స్ట్రోక్ కాబట్టి తలుపులకు వాల్వులు ఉంటాయి, అయినా గొట్టంలో అల ఆట అక్కడా ఉంటుంది. కంపెనీవాళ్లు తక్కువ స్పీడులో, బరువు మీద లాగేటట్టు గొట్టం సన్నం, పొడవు తేల్చి, దానికి తగ్గట్టు కార్బురేటర్ జెట్ పెడతారు. గొట్టం లావు చేస్తే పొగ వేగం తగ్గిపోతుంది, లాగే అల టైం తప్పుతుంది. జెట్ మార్చలేదు కాబట్టి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయింది. ఆ టపటప పులి గాండ్రింపు కాదు, సిలిండర్‌లో సరిగ్గా కాలని పెట్రోలు గొట్టంలో పేలడం. కొందరు మెకానిక్‌లు 'బ్యాక్ ప్రెషర్ పోయింది' అంటారు. పొగకు అడ్డం ఉంటే బండికి మంచిదని కాదు దాని అర్థం. టైం పోయింది, అంతే.

బుల్లెట్లకు పెట్టే గోల్డ్‌స్టార్ సైలెన్సర్ పేరు మీరు విని ఉంటారు. అది 1950లలో ఇంగ్లాండ్‌లో రేసులు గెలిచిన బీఎస్‌ఏ గోల్డ్ స్టార్ అనే బండి పేరు. అమ్మే పిల్లగాడికీ తెల్వదు, కొనేటోడికీ తెల్వదు. పేరు మాత్రం బతికింది.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనోళ్లే ఎక్కువ దొరుకుతున్నారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 120వ రూలు సైలెన్సర్ గురించే. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద చప్పుడు, పొగ నిబంధనలు దాటితే, 2019 సవరణ తర్వాత మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా గానీ మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ వేయొచ్చు, లైసెన్సు మూడు నెలలు పోతుంది. హైదరాబాద్‌లో, విశాఖలో పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కించిన వీడియోలు చూశాం. 10,000 అంటే ఒక తునికాకు సీజన్‌లో ఇంటిల్లిపాది ఎంత తెంపాలో మీరే లెక్క వేసుకోండి. ఇంకోటి, 2020 నుంచి వస్తున్న బీఎస్ 6 బండ్ల సైలెన్సర్ లోపల పొగను శుభ్రం చేసే ముక్క ఉంటుంది, దాంట్లో ప్లాటినం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి. పాత సైలెన్సర్ ఇచ్చేయి, కొత్తదానికి తగ్గిస్తా అని షాపువాడు అంటే ఎవరికి లాభమో ఆలోచించండి.

బావ తన పాత సైలెన్సర్‌ను అదృష్టం కొద్దీ షాపులో వదల్లేదు, కోళ్ల గూడు మీద పెట్టిండు. దసరా సెలవులకు పోయినప్పుడు ఇద్దరం కలిసి బిగించినం. రెండు నట్లు, ఒక బోల్టు, ఇంజిన్ దగ్గర కొత్త గ్యాస్‌కెట్, అరగంట పని. ఆయన మొదట మొహం మాడ్చుకున్నాడు. "గిప్పుడు బండి వస్తే ఎవలకూ తెల్వదు గదరా" అన్నాడు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. మనం వచ్చినమని ఎవరికో తెలియాలి అనే కోరిక చిన్నది కాదు. అత్తను వెనక కూర్చోబెట్టి గుట్ట ఎక్కించి చూపించినం. థర్డ్ గేరులో ఎక్కింది. అత్త మాత్రం, "అప్పుడు కూడా గిట్లనే ఎక్కితే నా కాళ్లు మిగిలేటివి" అని ఒక మాట అన్నది.

చివరగా ఒక సాయం కావాలి. గుస్సాడీలో మన తోటి, పర్ధాన్ తాతలు ఊదే పెప్రె, కాలికోమ్ చూశారు కదా. పెప్రె కూడా ఒక గొట్టమే, చివర విచ్చుకొని ఉంటుంది. దాంట్లోనూ అల పోయి తిరిగొస్తేనే స్వరం పలుకుతుంది. ఆ గొట్టం ఎంత పొడవుండాలి, చివర ఎంత విచ్చుకోవాలి అని వాళ్లు ఎట్లా తేలుస్తారు? వేళ్లతో కొలుస్తారా, చెవితో విని కోస్తారా? మా ఊర్లో ఊదే తాత పోయి మూడేళ్లయింది, నేను అడగలేదు. మీ ఊళ్లలో పెప్రె చేసేవాళ్లు ఉంటే అడిగి, కొలతలు రాసి కింద పెట్టండి. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి.